తెలియని కొండలో జింక దారి

(శ్రీకాకుళంలో వన్యప్రాణుల గణనకు వెళ్లబోయే విద్యార్థులను, స్వచ్ఛంద కార్యకర్తలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అటవీ శాఖ సిబ్బందికి, జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు, సీతంపేట, పాలకొండ, మందస వైపుల నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకు వందనాలు. ఇంతకు ముందు ఎన్నడూ అడుగుపెట్టని కొండకో, అడవి అంచుకో వెళ్లినప్పుడు జింకలు తిరిగే చోటు ఏదో ఎలా గుర్తించాలి, గుర్తించాక ఎక్కడ మాటు వేసి కూర్చోవాలి అన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు.

ఈ విద్య పుట్టింది వేటలోనే. ఆ మాట దాచవలసిన అవసరం లేదు. సంస్థానాల కాలంలో మన కొండల్లో వేట సాగింది. అమెరికాలో నేటికీ లైసెన్సు తీసుకుని, నిర్ణయించిన రుతువులో, నిర్ణయించిన సంఖ్యకు మించకుండా తెల్లతోక జింకను వేటాడుతారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అక్కడ కొన్ని లక్షలకు పడిపోయిన ఆ జింకలు నేడు దాదాపు మూడు కోట్లు ఉంటాయని అంచనా. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద వసూలు చేసే పన్ను అక్కడ వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. అది వారి దేశపు ఏర్పాటు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత చుక్కల దుప్పిని గాని, కణితిని (సాంబర్ జింకను) గాని, మొరిగే జింకను గాని వేటాడడం నేరం. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడు సంవత్సరాల జైలు శిక్ష పడుతుంది. కాబట్టి వేటగాడు శతాబ్దాలుగా కూడబెట్టిన నేల తెలివిని మనం పరిశీలనకు, గణనకు, అన్నిటికంటే ముఖ్యంగా కాపాడడానికి వాడుకోవాలి. ఆ తెలివి అవసరం మనకు వేటగాడికంటే ఎక్కువే. అతడికి ఒక్కసారి కనిపిస్తే చాలు. మనకు ఆ జంతువు ఏటా అదే దారిన నడవాలి.

కొత్త నేలకు వెళ్లినవారు ముందుగా చోటు వెదుకుతారు. అది తలకిందుల పద్ధతి. ముందు ఏ జంతువు కోసం వెళుతున్నామో నిశ్చయించుకోవాలి. తూర్పు కనుమల్లో తిరిగే చుక్కల దుప్పి గుంపు జీవి. పచ్చిక దొరికే పలచని అడవిని, అడవికీ బయలుకీ మధ్య ఉండే అంచును ఇష్టపడుతుంది, దాదాపు రోజూ నీరు తాగుతుంది. కణితి పెద్దది; మగ కణితి రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది. అది నిటారు వాలులను, దట్టమైన చెట్లను ఆశ్రయించి, ఎక్కువగా రాత్రి పూట కిందికి దిగుతుంది, బురదలో పొర్లుతుంది. మొరిగే జింక పాతిక కిలోల లోపు ఉండే ఒంటరి జీవి. గెడ్డ (కొండవాగు) పక్కనుండే చీకటి పొదల్లో రాలిన పండ్లు ఏరుకుంటూ, ఏ అలికిడి విన్నా కుక్కలాగా ఉండి ఉండి మొరుగుతుంది. కృష్ణజింక అసలు అడవి జంతువే కాదు, దానికి చూపు సాగేంత బయలు కావాలి. మన ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో, భేట్నోయి చుట్టుపక్కల ఊళ్ల పొలాల్లోనే అది తిరుగుతుంది. అవి చేలో మేస్తే శుభమని అక్కడి రైతులు నమ్మి కాపాడుతున్నారు. ఈ నాలుగింటికీ కావలసినవి నాలుగు వేర్వేరు ప్రదేశాలు. కణితికి పనికొచ్చే మాటు దగ్గర కృష్ణజింక కోసం ఏడాదంతా కూర్చున్నా కనబడదు.

తరువాతి పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గోధుమ రంగు గీతలు ఎత్తును చూపిస్తాయి. ఒక గీతకూ మరో గీతకూ మధ్య ఇరవై మీటర్ల తేడా ఉంటుంది. ఆ గీతలు దగ్గర దగ్గరగా ఉంటే వాలు నిటారు, దూరంగా ఉంటే మెల్లని ఏటవాలు. గీతలు కొసదేలి శిఖరం వైపు చొచ్చుకుపోయిన చోట గెడ్డ దిగుతుంది. రెండు శిఖరాల మధ్య గీతలు దూరంగా జరిగి నేల తగ్గిన చోటు ఉంటే అది కనుమ. పటం మీద అటువంటి కనుమలను పెన్సిలుతో గుర్తించండి. కొండ ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటవలసిన జంతువు, మనిషి ఎంచుకున్నట్టే, తక్కువ ఎత్తు ఎక్కే చోటునే ఎంచుకుంటుంది. కొండరాళ్లు ఒక పక్క, లోతైన గెడ్డ మరో పక్క ఉండి మధ్యలో సన్నని నేల మిగిలిన చోటు కూడా అటువంటిదే. అక్కడ దారి ఒక్కటే ఉంటుంది.

ఆ తరువాత ఇస్రో భువన్ ఉపగ్రహ చిత్రాలతో గాని, గూగుల్ ఎర్త్ చిత్రాలతో గాని పటాన్ని సరిపోల్చాలి. కొండ ఆకారాన్ని పటం చెబుతుంది గాని, నేడు దాని మీద ఏముందో చెప్పదు. నిరుడు పోడు కొట్టిన చోట లేత చిగుళ్లు మొలుస్తాయి. నాలుగేళ్ల కింద కొట్టి వదిలేసిన చోట దూరలేని పొద ఉంటుంది. ఆ రెంటికీ మధ్యనున్న అంచు దుప్పికి తిండి, దాపు ఒకేచోట ఇస్తుంది. చిత్రం ఏ తేదీదో తప్పక చూడండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ, జీడిమామిడినీ నేలకూల్చింది. అంతకు ముందరి చిత్రంలో దట్టంగా కనిపించే తోట నేడు బయలై ఉండవచ్చు, లేదా కొత్తగా నాటిన లేత తోట కావచ్చు.

పటం మూసేసి ఊళ్లోకి వెళ్లాలి. మేకలు కాసేవారికి, తేనె పట్టేవారికి, అడ్డాకులు, ఉసిరికాయలు సేకరించే సవర, జాతాపు ఆడవారికి తెలిసినంత అడవి మరెవరికీ తెలియదు. వారి దగ్గర కూర్చుని మాట్లాడే తీరులో గౌరవం ఉండాలి. "ఇక్కడ జింకలున్నాయా?" అని నిలదీసినట్టు అడిగితే లేవనే చెబుతారు, వేటగాళ్ల మనుషులమో, కేసు పెట్టేవారమో వారికి ఎలా తెలుస్తుంది? "వేసవిలో ఏ గెడ్డలో నీరు చివరిదాకా నిలుస్తుంది తాతా? మీ మేకలు ఏ వైపుకు వెళ్లవు? కంది చేనుకు కాపలా ఎప్పుడు కాస్తారు?" అని అడగండి. నీరు నిలిచే గెడ్డ, మేకలు వెళ్లని వాలు, కాపలా కాయవలసిన చేను అన్న ఈ మూడు సమాధానాలను పటం మీద పెడితే జంతువు ఏ మూల పడుకుని ఏ మూల మేస్తుందో చాలావరకు తేలిపోతుంది. చేను పాడవుతున్నదని ఎవరైనా చెప్పుకుంటే, అది వారి కూటి మాట అని గుర్తుంచుకుని శ్రద్ధగా వినండి. పంట పోయిన మనిషి బాధను పట్టించుకోని వారు అడవిని కాపాడలేరని నా గట్టి నమ్మకం.

ఇక నేల మీదికి వెళదాం. మొదటిసారి వెళ్లడం మాటు వేయడానికి కాదు, జాడలు చదవడానికి. ఎండ ఎక్కాక, జింకలు నీడకు చేరి నెమరు వేసుకునే వేళలో, అవి పడుకునే చోటికి దూరంగా నడవాలి. గెడ్డ దాటే రేవులు ముందు చూడండి. తడి ఇసుక మీద చుక్కల దుప్పి గిట్ట ఐదారు సెంటీమీటర్ల పొడవున, ముందు కొన సన్నగా దేలి కనిపిస్తుంది. కణితిది అంతకంటె పెద్దది, బరువుకు లోతుగా దిగుతుంది. మొరిగే జింకది చాలా చిన్నది. మేక గిట్ట ముందు కొన మొద్దుగా ఉంటుంది. మేకల జాడ వెంట ఎక్కడో ఒకచోట కాపరి అడుగు కూడా పడుతుంది. కొత్త జాడకు అంచులు పదునుగా నిలుస్తాయి. ఒక పూట గడిస్తే ఇసుక రాలి గుంట అవుతుంది. దారికి అడ్డంగా సాలెగూడు చెక్కుచెదరకుండా, మంచు బొట్లతో నిండి ఉంటే రాత్రి అక్కడ ఏ పెద్ద జంతువూ నడవలేదన్నమాట. కొరికిన కొమ్మనూ చూడండి. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది; జింకకు పైదవడ ముందుపళ్లు ఉండవు కనుక కొమ్మ చీలి, పీచు వేలాడుతుంది.

ఒక జాడ గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే మన కొండల్లో అంత నమ్మదగినది మరొకటి నాకు తెలియదు. చలికాలంలో ఉసిరికాయలు రాలినప్పుడు చుక్కల దుప్పి, మొరిగే జింక వాటిని మింగేస్తాయి. కండ అరుగుతుంది, గట్టి గింజ అరగదు. జింక దూరంగా నీడలో పడుకుని నెమరు వేసేటప్పుడు ఆ గింజలను నోట్లోకి తెచ్చుకుని ఒక్కొక్కటిగా కింద ఉమ్మేస్తుంది. చుట్టుపక్కల ఉసిరి చెట్టే లేని చోట, పొద కింద అణగిన గడ్డి పక్కన, అంచులు తేలిన శుభ్రమైన ఉసిరి గింజలు గుప్పెడు ఒకేచోట పడి ఉంటే అది జింక పడక. గింజల పైపెంకు ఇంకా తడిగా, లేత రంగులో ఉంటే అది ఈమధ్యే లేచి వెళ్లిందన్నమాట. ఎండి పగిలి లోపలి విత్తులు చిమ్మేస్తే కొన్ని రోజులైనట్టు. అటువంటి చోటు కనబడగానే చాలామంది అక్కడే మాటు వేయాలనుకుంటారు. అది చేయకూడని పని. పడక దగ్గర మనిషి వాసన తగిలిన జింక ఆ వాలునే వదిలి పోవచ్చు. అప్పుడు మనం నేర్చుకున్నదంతా వృథా. పడకను పటంలో గుర్తించి, వచ్చిన దారినే వెనక్కి రండి. పడకకూ మేతకూ మధ్యనున్న దారిలో, మేతకు దగ్గరగా ఉండే భాగంలో చోటు వెదకండి.

మేత రుతువుతో మారుతుంది. చైత్రంలో ఇప్పపూలు, వేసవి చివర అడవి మామిడి, తొలకరిలో నేరేడు, ఆ తరువాత పచ్చిక, శీతకాలంలో ఉసిరి, రేగు. కొండముచ్చులు చెట్టు మీద మేస్తూ రాల్చిన ఆకు, పండు కోసం చుక్కల దుప్పులు కింద చేరడం పేరుపడ్డ విషయం. అందుకే శిశిరంలో బాగా పనికొచ్చిన చోటు శ్రావణంలో ఖాళీగా ఉంటుంది. వానాకాలంలో నీరు అంతటా ఉంటుంది కాబట్టి నీటి దగ్గర కూర్చోవడం వల్ల లాభం లేదు. ఏప్రిల్, మే నెలల్లో గెడ్డలు ఎండి చలమలు మాత్రమే మిగిలినప్పుడు అదే చోటు అన్నిటికంటే మంచిది. అయితే అప్పుడు చలమ ఒడ్డునే కూర్చుని, దాహంతో వచ్చిన ప్రాణిని నీటికి దూరం చేసే హక్కు మనకు లేదు. వంద మీటర్లకు తగ్గకుండా వెనక ఉండి దుర్భిణితో చూడండి.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. జాడలన్నీ సరిగా చదివి, గాలిని తప్పుగా లెక్కవేసిన వారికి జింక కనబడదు. జింకకు మాత్రం వారు కనబడకుండానే తెలిసిపోతారు. కొండల్లో గాలి రెండు పూటలా తిరగబడుతుంది. పొద్దెక్కి వాలు వేడెక్కాక గాలి లోయ నుంచి పైకి పాకుతుంది; సాయంత్రం వాలు చల్లబడగానే పై నుంచి కిందికి దిగుతుంది. కనుక పొద్దెక్కేవేళకు మనం జింక దారికి ఎగువన, సాయంత్రం దిగువన ఉండడం సాధారణ నియమం. తెల్లవారుజామున మాత్రం రాత్రి చల్లగాలి ఇంకా దిగుతూనే ఉంటుంది. పొద్దు వాలు మీద పడిన తరువాతే తిరుగుతుంది. ఆ మార్పు వచ్చే వేళ గాలి ఎటూ తేలక సుళ్లు తిరుగుతుంది గనుక ఆ కొద్దిసేపు కదలకుండా ఉండాలి. మన జిల్లాల్లో సముద్రం దగ్గరగా ఉండడం వల్ల మరొక చిక్కు ఉంది. మందస, టెక్కలి, పలాస వైపు తక్కువ ఎత్తు కొండల్లో మధ్యాహ్నానికి పైరగాలి లేచి, వాలు గాలిని లెక్కలోకి రాకుండా చేస్తుంది. లోతట్టుకు, సీతంపేట కొండల వెనక్కు వెళ్లేకొద్దీ దాని బలం తగ్గుతుంది. అందుచేత పుస్తకంలో చదివిన నియమాన్ని నమ్మకుండా, అక్కడి గాలిని అక్కడే పరీక్షించాలి. పిడికెడు బూడిద వదిలితే చేతి దగ్గరి గాలి తెలుస్తుంది. జిల్లేడు కాయలోని దూది పోచ ఒకటి వదిలి, కంటికి ఆనినంత దూరం దాని వెంట చూపు సాగిస్తే, ఇరవై ముప్పై గజాల అవతల గెడ్డ మీద గాలి ఎటు మలుగుతున్నదో కూడా తెలుస్తుంది. జింక ఉండేది ఆ అవతలే కాబట్టి నాకు దూది మీదే గురి.

బట్టల మాట క్లుప్తంగా చెబుతాను. జింకకు ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినంత స్పష్టంగా కనబడవు. నీలం బాగా కనబడుతుంది. నీలం జీన్సు, తెల్ల చొక్కా వద్దు. అన్నిటికంటే కదలిక త్వరగా కనబడుతుంది. చెట్టు మొదలుకు వీపు ఆనించి, ఒంటి ఆకారం కలిసిపోయేలా కూర్చుంటే చాలు. కొమ్మలు నరికి గుడిసె కట్టవలసిన పని లేదు.

ఇప్పుడు ఈ ప్రసంగానికి అసలు కారణమైన మాటకు వస్తున్నాను. జంతువు తప్పక నడిచే ఇరుకు చోటు ఏదో మనకు ఎలా తెలుస్తుందో, ఉచ్చు వేసేవాడికీ అలాగే తెలుస్తుంది. కనుమ దగ్గర, రేవు దగ్గర, లాంటానా పొదల మధ్య సన్నని సందు దగ్గర మీరు జాడ చూడడానికి వంగినప్పుడు ఉచ్చు కోసం కూడా చూడాలి. అది మోటారు సైకిలు క్లచ్ తీగ కావచ్చు. ఒక కొస మొక్క మొదలుకు బిగించి, మరో కొసను జారుముడి వేసి, గడ్డిపోచలతో నిలబెట్టి ఉంచుతారు. తీగ తుప్పు రంగుకు తిరిగి ఎండుతీగలో కలిసిపోతుంది. కంటికి కనిపించేది తీగ కాదు, దాని చుట్టూ మనిషి చేసిన పని. సందుకు రెండు పక్కలా ఎవరో కొమ్మలు విరిచి కంచెలాగా అడ్డం పెట్టి ఉంటారు, జంతువు మధ్యలోంచే పోవాలని. మొక్క మొదట్లో బెరడు చుట్టూ ఉంగరంలాగా ఒరిసిపోయి ఉంటే అక్కడ ఏదో ప్రాణి గంటల తరబడి గింజుకున్నదన్నమాట. దుప్పికి వేసిన ఉచ్చు దుప్పినే పట్టుకుంటుందని లేదు; ఎలుగుబంటి పడవచ్చు, ఊరి ఆవు పడవచ్చు. పంది కోసం పెట్టిన నాటు బాంబులు, చేని చుట్టూ దొంగతనంగా లాగిన కరెంటు తీగలు ఇంకా ప్రమాదం, అవి మన ప్రాణాలే తీస్తాయి. బాంబును గాని, కరెంటు తీగను గాని ముట్టుకోకూడదు. ఉచ్చు కనబడితే ఫొటో తీసి, చోటు గుర్తించి, బీటు అధికారికి వెంటనే చెప్పండి. సిబ్బంది వెంట ఉంటే అప్పటికప్పుడే తీయించండి. ఒక రోజంతా తిరిగి ఒక్క జింకను కూడా చూడకుండా ఒక్క ఉచ్చును తీయించి వచ్చినవారి పని, గుంపును చూసి వచ్చినవారి పనికంటే గొప్పదని నేను నిండు మనసుతో చెబుతున్నాను. మీరు కనుగొన్న మంచి చోటుల వివరాలు కూడా ఉచ్చుగాడికి ఉపయోగపడతాయి. ఫొటో తీస్తే అది ఎక్కడిదో ఫోనే రాసి పెట్టుకుంటుంది. ఆ వివరం తీసేయకుండా వాట్సాప్ బృందాల్లోకి, ఫేస్‌బుక్కులోకి పంపవద్దు. గెడ్డ పేరు, కొండ పేరు రాయవద్దు.

అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్లకూడదని వేరే చెప్పనక్కరలేదు. ప్రమాదాల మాట మాత్రం చెప్పాలి. ఉద్దానంలో ఎలుగుబంట్లు మనుషుల మీద పడిన సంగతి మీ అందరికీ తెలుసు. పనస, జీడిమామిడి పండే రోజుల్లో అవి తోటల్లోకే వస్తాయి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఇప్పచెట్టు కిందికి చేరుతాయి. అంటే జింకకు మంచి చోటు అనుకున్నదే ఎలుగుకూ మంచి చోటు. ఆ నెలల్లో ఇప్పచెట్టును దూరం నుంచి, వెలుగు వచ్చాక మాత్రమే చూడండి. చీకట్లో నడిచి వెళ్లి దాని కింద కూర్చోవద్దు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు మన్యంలో తిరుగుతున్న వార్త ఉంటే ఆ రోజు గణన మానుకోవడమే సరైన పని. మాటుకు ఎంచుకున్న చోటు నుంచి కనీసం రెండు వైపులా తప్పుకునే దారి ఉండాలి; ఒంటరిగా వెళ్లకూడదు.

నేర్చుకోవడం మొదలుపెట్టేవారికి విశాఖపట్నం దగ్గరి కంబాలకొండ మంచిది. ఒకప్పుడు విజయనగర సంస్థానాధీశుల అధీనంలో ఉన్న ఆ అడవి సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అక్కడ కనుమలు, గెడ్డలు, తుప్పలు కొద్దిపాటి నడకలోనే కనిపిస్తాయి, సిబ్బంది తోడు ఉంటుంది. అక్కడ పటం చదవడం, గాలి పరీక్షించడం అలవాటైతే కొత్త కొండకు వెళ్లినప్పుడు తడబాటు ఉండదు.

రేపటి కార్యక్రమం సంగతి. నలుగురేసి ఒక జట్టుగా విడిపోతారు. జట్టుకొక పటం, ఒక దుర్భిణి, ఒక నోటు పుస్తకం ఇస్తారు. ఉదయం తొమ్మిది తరువాతే కొండ ఎక్కుతాం. రేపు ఎవరూ మాటు వేయరు. ప్రతి జట్టు ఒక గెడ్డను కింద నుంచి పైకి నడిచి, రేవులు, పడకలు, కొరికిన కొమ్మలు, ఉచ్చులు పటంలో రాసి, సాయంత్రం నాలుగింటికి దిగి వస్తుంది. అన్ని జట్ల పటాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఎల్లుండి తెల్లవారుజామున ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ దారిన వెళ్లి ఏ దారిన రావాలో అందరం కలిసి నిర్ణయిద్దాం. జిల్లేడు కాయలు దారిలోనే దొరుకుతాయి, మరచిపోకుండా కోసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.